మూడుకు లొంగని నంబరు

“నాలుగు విజిల్స్ అయినయ్. నేను లెక్కబెట్టిన,” అన్నాడు హరికిషన్, పేపరు దించకుండానే.

“మూడే,” అంది సుకన్య. పప్పును గరిటెతో నొక్కి భర్తకు చూపించింది. పలుకు పలుకుగానే ఉంది. “నాలుగైతే గిట్ల ఉంటదా?”

“మారేడ్‌పల్లి మొత్తంల లెక్కలొచ్చింది నీకొక్కదానికే!” అంటూ అతను జేబులోంచి కొత్త సిమ్ తీసి బల్ల మీద పెట్టాడు. “ఇగో, దీని నంబరు లెక్కబెట్టు. కూడితే తొమ్మిది. నీ పాతది ఎనిమిది, శని. నా ప్రమోషన్ రెండుసార్లు ఆగింది దానివల్లనేనట. రాంగోపాల్‌పేట్‌ల న్యూమరాలజీ ఆయన చెప్పిండు. రేపు పాతది బంద్ చేయిస్త.”

సుకన్య కొత్త నంబరును ఒక్కసారి చూసింది. కూడితే తొమ్మిది వచ్చే సంఖ్య ఏదైనా తొమ్మిదో ఎక్కంలో పోతుంది. కాగితం కూడా అక్కర్లేదు.

పాతది అలాంటిది కాదు. తొమ్మిదేళ్ల కిందట ఒక మధ్యాహ్నం, బీఎస్సీలో చదివిన లెక్క గుర్తొచ్చి, తన పదంకెల నంబరును ఊరికే భాగించి చూసింది. మూడుకు లొంగలేదు. ఏడుకు లొంగలేదు. పదమూడుకూ లొంగలేదు. ఒకటితో, తనతో తప్ప దేనితోనూ నిశ్శేషంగా పోని ప్రధాన సంఖ్యేమో! తేల్చాలంటే దాని వర్గమూలం దాకా, అంటే తొంభై ఏడు వేల లోపు ప్రధాన సంఖ్యలన్నిటితోనూ భాగించాలి. అవి తొమ్మిది వేలకు పైనే. పండగలకూ పెళ్లిళ్లకూ మానేసిన రోజులు పోను, రోజుకు మూడు చొప్పున చేస్తూ వచ్చింది. శేషం ఒకటి వచ్చింది, నలభై వచ్చింది, వేలల్లో వచ్చింది. సున్నా మాత్రం రాలేదు. ఇంకా నూట ఎనభై మిగిలాయి.

భోజనాల దగ్గర అత్తగారు అనసూయమ్మ నెమ్మదిగా అంది: “నంబరే గద బిడ్డా, మార్చుకోరాదు.”

సుకన్య లేచి వెళ్లి, బియ్యం డ్రమ్ము వెనక నుంచి పదకొండు నోటుపుస్తకాలు తెచ్చి కూరగిన్నె పక్కన పెట్టింది. సంగతంతా చెప్పింది. హరికిషన్ ఎడమచేత్తో ఒకటి తెరిచి చూశాడు.

కూతురు దేవిక ఫోన్ అందుకుంది. “మమ్మీ, ఇందుల నంబరు కొడితే సెకండ్‌ల చెప్తది. చూడనా?”

“చూసినవంటే చెయ్యి విరగ్గొడ్త.”

“సిమ్ మారితే నీ లెక్కకేం తక్లీఫ్?” అన్నాడు హరికిషన్. “నంబరు కాగితం మీద ఉంటది గదా!”

“బంద్ చేస్తే రేపు ఇంకెవరికో ఇస్తరు. ఎవరి నంబరుకో నేను తొమ్మిదేండ్లు కూసున్నట్టయితది.”

“మరి శని సంగతేందీ?”

“ఎనిమిది వచ్చింది గనకనే మూడు దాన్ని ముట్టుకోలేకపోయింది. మీ తొమ్మిది చూడంగనే ముక్కలైంది. ప్రమోషన్ ఆపింది మీ ఆఫీసు, నా ఫోన్ కాదు.”

అనసూయమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

సుకన్య కొత్త సిమ్‌ను భర్త కంచం వైపు జరిపింది. “ఇది మీరేసుకోండి. నాది మారదు. ఈ పుస్తకాలు ఇగ బల్ల మీదనే ఉంటయి. రెండు నెలలు, మధ్యాహ్నం రెండు నుంచి మూడు దాక నన్నెవరూ పిలవొద్దు. ఆఖరి లెక్కల సున్నా వచ్చినా సరే, అది నేనే చూడాలె.”