అంగారకుడి రాయి వాంగ్మూలం

నేను ఒక రాయిని. పిడికిలంత ఉంటాను, మాడిన రొట్టెలా నల్లగా. అంగారక గ్రహం మీద పుట్టానట. ‘అట’ అని ఎందుకంటున్నానంటే, ఆ సంగతి నా అంతట నేను చెప్పగలిగిన రోజులు పోయాయి. నన్ను కోసి చూసినవాళ్ళు చెప్పుకుంటుంటే విని మీకు చెబుతున్నాను. వాళ్ళను ఎంతవరకు నమ్మాలో మీరే తేల్చుకోండి. నేనైతే మనుషుల మాటలు వాళ్ళ జేబులు చూశాకే నమ్ముతాను.

లావా చల్లారి రాయి అయ్యేటప్పుడు, పుట్టిన గ్రహానికి అయస్కాంత శక్తి ఉంటే, అది లోపలి ఇనుప రేణువులన్నిటినీ ఒక దిక్కుకు తిప్పి ఉంచుతుంది. ఆ దిక్కు కోట్ల ఏళ్ళయినా దానంతటది చెరగదు. మా రాళ్ళకు జ్ఞాపకమంటే అదే. ఏదో పెద్ద బండ వచ్చి గ్రహాన్ని గుద్దినప్పుడు నేను ఎగిరిపోయాను. పోతూ పోతూ అక్కడి గాలిని కాస్త గాజు బుడగల్లో దాచుకున్నాను. లక్షల ఏళ్ళు దిక్కూ మొక్కూ లేకుండా తిరిగి, కర్నూలు జిల్లా తుగ్గలి పక్కన ఒక వేరుశనగ చేలో పడ్డాను. ఎవరూ చూడలేదు.

ఆ చేలల్లో తొలకరికి పైమన్ను కొట్టుకుపోతే వజ్రాలు తేలతాయని జనం సద్దిమూటలు కట్టుకుని వస్తారు. రోజంతా నడుములు వంచి వెతుకుతారు. ఒకరి మొహాలు ఒకరు చూసుకోరు, చేతులు చూసుకుంటారు. ఏదైనా దొరికితే కాలి ముల్లు తీసుకుంటున్నట్టు కూర్చుని కొంగులో ముడేస్తారు తప్ప పక్కవాడికి చూపరు. ఉరుకుందమ్మ అనే ఆమె నన్నలాగే ముడేసింది. వజ్రం కాదని ఆమెకూ తెలుసు. ఇంత చిన్న రాయి ఇంత బరువేమిటని అనుమానం వచ్చింది, అంతే. ఇంటికి తీసుకుపోయి జొన్నల కుండ అడుగున పెట్టింది. మొగుడికి కూడా చెప్పలేదు. జొన్నలు తీసినప్పుడల్లా చెయ్యి లోపలికి పోనిచ్చి, ఉన్నానా లేదా అని తడిమి చూసుకునేది. నన్ను అంత కావలి కాసినవాళ్ళు ఏ లోకంలోనూ లేరు.

పదకొండు నెలలయ్యాక మస్తాన్ వలీ సార్ ఆ ఊరి బడికి వచ్చి ఆకాశం నుంచి పడే రాళ్ళ గురించి చెప్పాడు. పట్నం కాలేజీలో భూగర్భశాస్త్రం పాఠాలు చెప్పే మనిషి. ఉల్కలంటూ కొలిమిలో మిగిలే ఇనుప చిట్టెం, బొగ్గు పెళ్ళలు తెచ్చి ఇచ్చేవాళ్ళ వల్ల మోసపోయి మోసపోయి ఎవరినీ నమ్మడం మానేశాడు. ఉరుకుందమ్మ నన్ను తీసుకెళ్ళి ఆయన ముందు పెట్టింది. ఆయన జేబులోంచి తాళాల గుత్తి తీశాడు. గుత్తికి గుండ్రటి అయస్కాంతం బిళ్ళ ఉంది. ఉల్కయితే ఇనుముంటుంది, ఇనుముంటే అంటుకుంటుంది. అంటించాడు, అంటుకుంది. ఆయన నమ్మలేదు. నన్ను తిప్పి ఇంకోచోట పెట్టాడు, మళ్ళీ తిప్పి మరోచోట పెట్టాడు. నాకు నొప్పేమీ కలగలేదు. నిద్ర ముంచుకొచ్చినట్టు అనిపించింది.

“పరీక్షకు పంపుతానమ్మా. దొరికింది నీకని నీ పేరు రాయిస్తా,” అన్నాడు.

“ఆ మాట కాగితం మీద రాసియ్యి సార్,” అంది ఉరుకుందమ్మ. నా బదులు ఆ కాగితం జొన్నల కుండలోకి వెళ్ళింది.

పరీక్షలో నా బుడగల్లోని గాలి, అంగారకుడి మీద దిగిన యంత్రాలు కొలిచిన గాలితో సరిపోయింది. వలీ సార్‌కు నేను అంగారకుడి రాయినేనని తేలిపోయింది. చదువుకునే రోజుల నుంచీ ఆయన్ను ఒకే ప్రశ్న పట్టి పీడిస్తోంది. ఒకప్పుడు అక్కడ నీళ్ళు పారాయి, దట్టమైన గాలి ఉండేది. గ్రహం అయస్కాంత శక్తి ఆరిపోయాక, సూర్యుడి నుంచి వీచే కణాల ధార ఆ గాలిని ఊడ్చుకుపోయిందంటారు. మరి నేను పుట్టేనాటికి ఆ శక్తి ఉందా, ఆరిపోయిందా? జవాబు నాలో ఉండాలి. దాన్ని చదవగల యంత్రం దగ్గర వంతు కోసం రెండేళ్ళు ఎదురుచూశాడు. చివరికి రిపోర్టు వచ్చింది. పుట్టుకనాటి జ్ఞాపకం లేదు. ఎవరో గట్టి అయస్కాంతం తాకించి, రేణువులను దాని దిక్కుకు తిప్పేసి, ఆ జ్ఞాపకాన్ని తుడిచేశారు, మూడు చోట్ల.

వలీ సార్ నన్ను డబ్బాలో పెట్టుకుని తిన్నగా ఉరుకుందమ్మ ఇంటికి వచ్చాడు. ఆమె అరుగు మీద జొన్నలు చెరుగుతోంది.

“నాకియ్యక ముందు ఎవరికి చూపించినావమ్మా? వజ్రాలు కొనే షావుకారుకేనా?”

“ఎవురికీ చూపలే సార్. మా ఇంటాయనకే చూపలే.”

“మరి అయస్కాంతం పెట్టిందెవరు? మూడు చోట్ల పెట్టినారని రాసినారు చూడు. నిజం చెప్పకుంటే నీ పేరు రాయించేది లేదు. నా ఇన్నేండ్ల పని బూడిదైపాయ.”

ఉరుకుందమ్మ చేట కింద పెట్టింది.

“నువ్వే గద సార్ పెట్టింది. ఆ పొద్దు, నా ముందరే. ఒకతూరి పెట్టి నమ్మక, ఇంకా రెండుతూర్లు పెడితివి. నువ్వు యాడ రాయి మారుస్తావో అని నీ చేతులే చూస్తా లెక్కబెట్టుకుంటిని.”

వలీ సార్ జేబులో చెయ్యి పెట్టాడు. గుత్తి బయటికొచ్చింది. తాళాలన్నీ ఆ బిళ్ళను కరుచుకుని ఉన్నాయి. ఆయన అరుగు మీద కూర్చున్నాడు. జవాబు తుడిచేశాక ప్రశ్న అడిగాడు పాపం, ఆయన మీద నాకు కోపం రాలేదు, జాలేసింది. తర్వాత పెన్ను తీసి రిపోర్టు కింద రాశాడు: “అయస్కాంతం తాకించినది మస్తాన్ వలీ. రాయి దొరికినది ఉరుకుందమ్మకు.” ఆమె దాన్ని రెండుసార్లు చదివించుకుంది.

ఇప్పుడు కాలేజీలో అద్దాల బీరువాలో ఉన్నాను. అంగారకుడి మీద ఒక యంత్రం రాళ్ళను తొలిచి గొట్టాల్లో పెట్టి మూతలు బిగించిందని, ఎప్పటికైనా వాటిని ఇక్కడికి తెస్తారని ఈ బీరువా ముందు చెప్పుకుంటుంటారు. వాటి జ్ఞాపకం ఇంకా చెదరలేదట. తెచ్చే రోజున ఒక్క పని చెయ్యండి. ఆ గొట్టాలు తెరిచే గది వాకిట్లో ఉరుకుందమ్మను కూర్చోబెట్టండి. చదువుకున్నవాళ్ళయినా సరే, జేబులు చూశాకే లోపలికి పంపుతుంది.