రెండు వేళ్ళు

ఆ చిన్న విమానం రన్‌వే మీద మూడుసార్లు ఎగిరి పడింది. మొదటి దెబ్బకే ఇంజను వేగం పెంచి మళ్ళీ పైకి లేచిపోవాలి. నడుపుతున్న పిల్ల కంగారులో ముక్కు కిందికి నొక్కింది. మూడో దెబ్బకు ముందు చక్రం విరిగింది, పంకా రెక్కలు నేలకు కొట్టుకుని వంకరపోయాయి. పక్కన ఎవరూ లేకుండా ఎగరడం ఆమెకు అదే మొదలు.

శిక్షణ కేంద్రం మెట్టు మీద నిలబడి చూస్తున్న, ఆమెకు ఎగరడం నేర్పిన సారుకు ఏమీ అనిపించలేదు. చేతిలో టీ కప్పును ఒలక్కుండా మెట్టు మీద పెట్టి మరీ నడిచాడు. ఎంత నిబ్బరమో అనుకున్నారు జనం. నిబ్బరమా నా తలకాయా! మనిషి మొద్దుబారిపోయాడు, అంతే.

ఆయన్ని అక్కడందరూ వెన్నపూస సారంటారు. ఆయన పక్కన కూర్చుంటే ఎంత కొత్తవాళ్ళయినా విమానాన్ని వెన్నపూస మీద పెట్టినట్టు దించుతారని మెకానిక్ బాబాయి పెట్టిన పేరు. అందులో గుట్టేమిటో సారుకొక్కడికే తెలుసు. నేర్పే విమానంలో ఇద్దరి ముందూ చెరో కర్ర ఉంటుంది; ఒకటి కదిపితే రెండోదీ కదులుతుంది. నేల దగ్గరయ్యే వేళకు సారు చేయి తొడ మీంచి జారి, తన కర్ర అడుగున రెండు వేళ్ళు ఆనించేది. ఒక్క పిసరు లాగేది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఎవరో దబ్బున దించితే ఆయన నడుం విరిగింది. అప్పట్నుంచీ ఆ వేళ్ళు ఆయన మాట వినవు. ఇన్నాళ్ళూ ఒంటరిగా ఎగిరిన శిష్యులు ఎవరి అదృష్టం కొద్దీ వాళ్ళు గట్టెక్కారు. అదృష్టానికి మాత్రం ఎన్నాళ్ళని ఓపికుంటుంది?

పిల్ల గడ్డానికి నాలుగు కుట్లు పడ్డాయి. శిక్షణ కేంద్రం పెద్దాయన సారును గదిలోకి పిలిచి ప్రమాదం రిపోర్టు కాగితం ముందు పెట్టాడు. అమ్మాయి భయపడిందని రాసేయమనీ, ఆమెకు ఈ పని అచ్చిరాదనీ, సాయంత్రానికి ఇంటికి పంపేద్దామనీ అన్నాడు. కాగితంలో మూడో ప్రశ్న: ఒంటరిగా పంపే ముందు సాయం లేకుండా దించగలిగిందా? పొద్దున సారు ఇదే ప్రశ్నకు అవునని సంతకం పెట్టి పంపాడు. ఇప్పుడు కాదంటే ఇక నేర్పే ఉద్యోగం ఉండదు. ఆ సంగతీ ఆయనకు ఎవరి గొడవో అన్నట్టే తోచింది. కాగితం మడిచి జేబులో పెట్టుకుని కట్లు కట్టే గదికి వెళ్ళాడు.

పిల్ల మంచం అంచున కూర్చుని ఉంది. ఒళ్ళో ఆమె లెక్క పుస్తకం. దించిన ప్రతిసారీ అందులో ఒక టిక్కు పెట్టుకుంది.

“ముప్ఫై రెండుసార్లు దించాను కద సార్,” అంది. “ఒక్కసారైనా ఎగిరిపడలేదు. ఇవాళ నా చేతులకేమైంది? నాకింక రాదేమో సార్. ఇంటికెళ్ళిపోతా.”

ఊరుకుంటే సరిపోయేది. పిల్ల వెళ్ళిపోయేది, సారు సారుగా మిగిలేవాడు.

“నువ్వు దించలేదమ్మా,” అన్నాడు. “ఒక్కసారి కూడా. నేనే దించాను. కింద రెండు వేళ్ళు పెట్టేవాణ్ణి.”

ఆమె ఆయన చేతి వంక చూసింది.

“పొద్దున భుజం తట్టారు,” అంది. “ఇంక మీ అవసరం నాకు లేదన్నారు.”

“అన్నాను.”

“మా అమ్మకు రోజూ ఫోన్లో చెప్పేదాన్ని, ఇవాళ ఇన్నిసార్లు దించానని.”

పిల్ల పెన్ను అడిగి తీసుకుని, పుస్తకంలో టిక్కులన్నిటి మీదా అడ్డంగా ఒక గీత గీసింది. ఏడవలేదు.

“నేర్చుకుంటా సార్. మొదట్నుంచీ,” అంటూ పెన్ను తిరిగిచ్చింది. “మీ దగ్గర మాత్రం వద్దు.”

అప్పుడు నొప్పి తెలిసింది సారుకు, పొద్దుట్నుంచీ లేనిది. అదే పెన్నుతో మూడో ప్రశ్నకు లేదు అని రాసి సంతకం పెట్టాడు. పెద్దాయన గదికి వెళ్ళే దారిలో మెట్టు మీద టీ కప్పు పెట్టింది పెట్టినట్టే ఉంది.