ఓడిపోయే కెప్టెన్

సిద్దిపేట ఆకాశంలో హన్మంతును కూల్చే మొగోడు ఇంకా పుట్టలేదు. ఒకవేళ పుట్టినా ఇంకా ఊయలలోనే ఉండి ఉంటాడు. వాడు నడక నేర్చి, బడికి పోయి, కంప్యూటర్ ముందు కూర్చునే నాటికి హన్మంతుకు చత్వారం వచ్చి, తనే మర్యాదగా నేలకు దిగిపోతాడు. ఈ లెక్క హన్మంతే వేసుకుని, పాత బస్టాండు చుట్టుపక్కల చాయ్ తాగే ప్రతి మనిషికీ విడివిడిగా వివరించి వచ్చాడు.

వివరించి వచ్చిన పూటే సుశీలమ్మ అతన్ని కూల్చేసింది.

సుశీలమ్మ తన కూతురు జ్ఞానేశ్వరి నడిపే కంప్యూటర్ ఆటల గదికి ఆమె కోసం టిఫిన్ డబ్బా పట్టుకొచ్చింది. బల్లలన్నీ నిండి ఉండటంతో డబ్బాను ఎవరూ కూర్చోని కంప్యూటర్ మీటల మీద పెట్టింది. ఆమె కట్టే డబ్బా బరువు తెలిసినవాళ్లు దాన్ని రెండు చేతులతో ఎత్తుతారు. మీటలు నొక్కుకుపోయి, ఆ కంప్యూటర్‌లోని విమానం ఆగకుండా కాల్చడం మొదలుపెట్టింది. సరిగ్గా దాని ముందు నుంచే హన్మంతు విమానం కూనిరాగం తీస్తున్నట్టు పోతోంది.

"గా పొగేంది బిడ్డా, వైరు కాలిందా?" అని సుశీలమ్మ అడిగింది. ఆ పొగ హన్మంతు విమానానిది.

ఇది తొంభై తొమ్మిదో సంవత్సరం సంగతి. జ్ఞానేశ్వరి అంతకుముందు టైపు నేర్పేది. టైపు మిషన్లు అమ్మేసి కంప్యూటర్లు కొంది. ముందు హాల్లో నాలుగు, ప్లైవుడ్ చెక్క అడ్డం పెట్టిన వెనక గదిలో ఒకటి. అన్నింటినీ ఒకే తీగతో కలిపారు. ఎవరి కంప్యూటర్‌లో వాళ్ల విమానం ఉంటుంది, మిగతావాళ్ల విమానాలు కూడా కనిపిస్తాయి, ఒకరినొకరు తరుముకుని కాల్చుకోవచ్చు. ఆట మధ్యలో కింద ఒక గీత మీద మాటలు టైపు చేసి పంపుకోవచ్చు. ఫోను తీగ కూడా తగిలిస్తే బొంబాయిలో ఉన్నవాళ్లతోనైనా యుద్ధం చేయవచ్చు. ఒక నెల చేశారు కూడా. బిల్లు చూసిన రోజు జ్ఞానేశ్వరి లేచి ఫోనుకు తాళం వేసింది.

హన్మంతుకు ఆమె ఇచ్చిన పని ఒక్కటే. కొత్తవాళ్లను తేవాలి, తెచ్చినవాళ్లు మళ్లీ వచ్చేలా చూడాలి. దసరాకు కూడా కుర్చీలు ఖాళీగానే ఉంటే ఆట తీసేసి లెక్కల పాఠాలు పెడతానని చెప్పింది.

తేవడం హన్మంతుకు మంచినీళ్లు తాగినంత తేలిక. బస్సు కోసం నిలబడ్డవాణ్ని పట్టుకుని, నువ్వెక్కే బస్సు నేల మీదే పోతుంది, నేను చూపించేది పైకి లేస్తుంది అనేవాడు. చిక్కంతా ఉంచుకోవడంలోనే వచ్చింది. కొత్తగా వచ్చినవాడు కుర్చీ సర్దుకునేలోపే పాత ఆటగాళ్లు వాణ్ని కూల్చేసేవారు. వాడు లేచి, చెప్పులేసుకుని పోయేవాడు. కొందరు చెప్పులు కూడా చేత్తో పట్టుకుని పోయేవారు.

అలా వచ్చినవాళ్లలో దుర్గయ్య ఒకడు. దుబ్బాకలో మగ్గం నేస్తాడు. వారం వారం తువ్వాళ్ల మూట తెచ్చి సిద్దిపేట దుకాణాల్లో వేసి పోతుంటాడు. నలభై దాటిన మనిషి. మూట కాళ్ల సందున పెట్టుకుని కూర్చుని, విమానాన్ని లేపీ లేపకముందే ఎవరో కూల్చితే, తెర వైపు చూస్తూ చిన్నగా నవ్వాడు.

"గిది గుడ మనకు ఎల్లేటట్టు లేదు తమ్మీ" అన్నాడు.

ఇంకేం ఎల్లడం లేదని హన్మంతు ఊరికే అడిగాడు. దుర్గయ్య చెప్పుకొచ్చాడు. మగ్గం మీద బతుకు సాగడం లేదు. బావ బొంబాయి పక్కన భీవండిలో మరమగ్గాల కార్ఖానాలో మేస్త్రీ. మగ్గం అమ్ముకుని వచ్చెయ్యమని ఏళ్లుగా పిలుస్తున్నాడు. కానీ ఆ బావ పిలిచే పద్ధతి, పిలిచినట్టు కాకుండా గెలిచినట్టు ఉంటుంది. మగ్గమంటే తండ్రి చేతిది. దాన్ని ఇచ్చేసి బావ గుమ్మం ముందు నిలబడటం కంటే ఇక్కడే పస్తుండటం నయమని దుర్గయ్య ఇన్నాళ్లూ కదల్లేదు. చెప్పడం అయిపోయాక మూట ఎత్తుకుని లేచాడు.

ఆ లేచిన తీరు హన్మంతుకు నచ్చలేదు. ఇంత ఓడిపోయిన వీపును అతనెప్పుడూ చూడలేదు.

"కూసో అన్నా" అన్నాడు. "నీకు సరైన జోడు దొరకలే. బొంబాయిల ఒక కెప్టెన్ ఉన్నడు, కాశీనాథం అని. ఫోను మీద కలుపుత. గాయినతోని ఆడి చూడు."

అని వెనక గదిలోకి పోయి తలుపేసుకున్నాడు. కాసేపటికి తెర మీదికి ఒక కొత్త విమానం వచ్చింది. అది ఎగిరే తీరు చూస్తే తాగి సైకిల్ తొక్కుతున్నట్టుంది. అది దుర్గయ్య విమానం ముందుకు వచ్చి, పక్కకు తిరిగి, కాసేపు నిలబడినంత పని చేసి, దుర్గయ్య ఒక గుండు పేల్చగానే మూడు పల్టీలు కొట్టి చెరువులో పడింది. కింద గీత మీద ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు మాట వచ్చింది. దుర్గయ్య పదో తరగతి తప్పినా అక్షరాలు మర్చిపోలేదు, కూడబలుక్కుని చదివాడు. శభాష్ దుర్గన్నా, బొంబాయిల ఎవ్వనితోని కాలే, నీతోని అయింది.

దుర్గయ్య మూట మళ్లీ కాళ్ల సందుకు చేరింది.

ఆ రోజు నుంచి కెప్టెన్ కాశీనాథం సిద్దిపేట కొత్తవాళ్లందరి చేతుల్లోనూ కూలిపోతూ వచ్చాడు. కిరాణా కొట్టువాళ్ల పిల్లలు కూల్చారు. ఆటో నడిపేవాళ్లు కూల్చారు. పూర్వజన్మలో అతను చెట్టు మీది పండై ఉంటాడు, పడటానికి అంత సులువుగా అలవాటు పడ్డాడు. కెప్టెన్ ఆడుతున్నప్పుడల్లా హన్మంతు వెనక గదిలో ఎందుకుంటాడని ఎవరైనా అడిగితే, బొంబాయి చాలా దూరం కాబట్టి అంత పొడుగు తీగను ఒక మనిషి గట్టిగా పట్టుకోవాలని చెప్పాడు. అందరూ ఒప్పుకున్నారు. ఒకరిద్దరు తామూ కాసేపు పట్టుకుంటామన్నారు. జ్ఞానేశ్వరికి సంగతంతా తెలుసు. కుర్చీలు నిండుతున్నాయి కాబట్టి నవ్వు ఆపుకుని ఊరుకునేది.

కొత్తవాడు ఎవడొచ్చినా కెప్టెన్ మొదట తిన్నవా అని అడిగేవాడు. ఇంట్లో అందరూ బాగున్నారా అనేవాడు. దుర్గయ్యతో అయితే ఇంకా కలిసిపోయాడు. మగ్గం సంగతి, బావ సంగతి, భార్య లింగవ్వకు బొంబాయి అంటే ఉన్న భయం, అన్నీ దుర్గయ్య ఒక్క వేలితో టైపు చేసి చెప్పుకునేవాడు. ఒకరోజు అన్నీ విని కెప్టెన్, బొంబాయి వస్తే మా ఇంటికే రావాలె అన్నా, వేరే కాడ దిగితే ఊకోను అని రాశాడు.

ఈ మాట సిద్దిపేటలో ఎవరు ఎవరితోనైనా అంటారు. కూరగాయలు అమ్మేవాళ్లు కొనేవాళ్లతో అంటారు. బస్సులో పక్కన కూర్చున్నవాళ్లు దిగేటప్పుడు అంటారు. అన్నవాడు మర్చిపోతాడు, విన్నవాడు కూడా అట్లనే వస్త అని మర్చిపోతాడు. హన్మంతు కూడా రాసి మర్చిపోయాడు. ఇందులో అతని తప్పల్లా, తను దుబ్బాక మనిషికి బొంబాయి పేరు చెప్పాడన్నది గుర్తు లేకపోవడం. మిగతా లోకానికి బొంబాయి ఒక పెద్ద పట్నం. దుబ్బాక నేతవాళ్లకు అది పక్క వాడ. ప్రతి ఇంటి నుంచీ ఒకరు అక్కడుంటారు. అక్కడికి రమ్మంటే వాళ్లు నిజంగానే పోతారు.

దసరా ముందర ఒక మధ్యాహ్నం దుర్గయ్య వచ్చాడు. తువ్వాళ్ల మూట లేదు. చేతిలో ఒకే ఒక్క తువ్వాల, ఎర్ర అంచుది, కాగితంలో చుట్టి ఉంది. కెప్టెన్‌ను కలపమన్నాడు. హన్మంతు లోపలికి పోయి, తలుపేసుకుని, కెప్టెన్ అయ్యాడు.

దుర్గయ్య ఆట మొదలుపెట్టలేదు. టైపు చేయడం మొదలుపెట్టాడు. ఒక్కో అక్షరం తెర మీదికి వస్తుంటే ప్లైవుడ్ ఇవతల హన్మంతు చదువుతున్నాడు. మగ్గం మా వాడ దుబ్బయ్యకు ఇస్తున్న. ఇయ్యాల మాపటికి వచ్చి ఇప్పుకపోతడు. రేపు బొంబాయి బస్సెక్కుత. బావ ఇంటికి పోను. నీ ఇంటికే వస్తున్న కెప్టెన్ సాబ్. నీకని ఒక తువ్వాల నేసిన.

పుట్టినప్పటి నుంచి హన్మంతుకు అబద్ధం కోసం వెతుక్కునే అవసరం రాలేదు, అవే వరస కట్టి నిలబడేవి. ఇప్పుడు కూడా నిలబడ్డాయి. నాకు ఢిల్లీకి బదిలీ అయింది అని రాశాడు.

అయితే ఢిల్లీకే వస్త అని జవాబు వచ్చింది.

ఢిల్లీ నుంచి రష్యాకు పంపుతున్రు అని రాశాడు.

కుర్చీ జరిపిన చప్పుడు వినిపించింది. తర్వాత జ్ఞానేశ్వరితో దుర్గయ్య మాట్లాడటం వినిపించింది. గొంతు పెద్దగా లేదు.

"మేడం, ఈడికొచ్చే ముందు మా బావకు, నీ ఇంటికి వస్తలేనని ఫోన్ చేద్దామని ఎదురుంగ బూత్‌కు పోయిన. పొద్దుగాల గుంత తవ్వి కేబుల్ తెంపిన్రట, ఈ గల్లీల ఏ ఫోనూ పని చేస్తలేదని బూతాయిన అన్నడు. మరి కెప్టెన్ ఎట్లొచ్చిండు?"

జ్ఞానేశ్వరి తాళం వేసిన ఫోను వైపు ఒకసారి చూసి, తల దించుకుంది. దుర్గయ్యకు ఆ చూపు సరిపోయింది. వచ్చి ప్లైవుడ్ తలుపు తీశాడు.

హన్మంతు కుడి చెయ్యి మీటల మీద ఉంది. ఎడమ చేతిలో, ఎవరైనా తొంగిచూస్తే చూపించడానికి ఎప్పుడూ ఉంచుకునే తీగ ముక్క ఉంది. అది గోడ దాకా కూడా అందేది కాదు. తెర మీద కెప్టెన్ కాశీనాథం విమానం నడిపేవాడు లేక గుండ్రంగా తిరుగుతోంది.

"కెప్టెన్ ఏడి?" అన్నాడు దుర్గయ్య.

తీగ బిగుసుకుందనీ, కెప్టెన్ ఇప్పుడే లేచి పోయాడనీ చెప్పడానికి హన్మంతు నోరు తెరిచాడు. దుర్గయ్య చేతిలోని తువ్వాల చూసి మూసుకున్నాడు.

"నేనే అన్నా."

"మొదటి నుంచా?"

"మొదటి నుంచి. నువ్వు గా రోజు మూట ఎత్తుకొని లేస్తివి గద. నాకు మంచిగనిపియ్యలే. గెలిస్తె ఉంటవని ఓడిన."

దుర్గయ్య అక్కడే స్టూలు మీద కూర్చున్నాడు. కొడతాడేమో అని హన్మంతు ఒక చెంప సిద్ధంగా పెట్టుకున్నాడు. దుర్గయ్య కొట్టలేదు. అదే కష్టంగా ఉంది.

"ఓడినవు, మంచిది" అన్నాడు. "ఇంటికి రమ్మని ఎందుకన్నవు?"

"గది ఆట కాదన్నా. ఊకె నోటికొచ్చింది. మనమందరం అంటం గద."

"అంటం" అని దుర్గయ్య ఒప్పుకున్నాడు. "నేను గుడ అంట. గని నన్నెవ్వలు గంత గట్టిగ అడగలే."

ముందు హాల్లో ఎవరో ఎవరినో కూల్చారు, చప్పుడు వినిపించింది. దుర్గయ్య గోడ మీది గడియారం చూశాడు. ఇంట్లో లింగవ్వ బియ్యం, కారం మూటలు కట్టి ఉంటుంది, కెప్టెన్ ఇంట్లో ఖాళీ చేతులతో దిగకూడదని సకినాలు కూడా వండింది. దుబ్బయ్య మగ్గం విప్పడానికి వచ్చే వేళవుతోంది. తను పోయి వాళ్లకు ఏమని చెప్పాలి అన్నాడు. ఆ కెప్టెన్‌ను నమ్మబట్టే లింగవ్వ భయం వదిలి ఊ అన్నది. అలాంటివాడు లోకంలో లేడని తన నోటితో చెప్తే, సంవత్సరం పొడుగూతా ఆ వాడంతా తనను చూసి నవ్వుతుంది. ఆ నవ్వు భీవండి దాకా పోతుంది. బావ అయితే పని మానేసి నవ్వుతాడు.

"నువ్వు చెప్పకు" అన్నాడు హన్మంతు. "నేనొస్త. నన్ను జూసి నవ్వుతరు. నాకు అలవాటె."

జ్ఞానేశ్వరి అతని చెప్పులు చూపించింది. ఇద్దరూ బస్టాండుకు నడిచారు. దుబ్బాక బస్సులో సీట్లు దొరికాయి, కానీ దుర్గయ్య, హన్మంతు పక్కన కూర్చోకుండా వెనక కూర్చున్నాడు. హన్మంతు దారి పొడుగునా ఏం చెప్పాలో కూర్చుకుంటూ పోయాడు. మొదట అతని మనసులో కెప్టెన్‌కు కామెర్లు వచ్చాయి. తర్వాత కెప్టెన్ యుద్ధంలో వీరమరణం పొందాడు, చక్కటి ఊరేగింపు కూడా జరిగింది. అలా చెప్తే లింగవ్వ ఏడ్చి, మగ్గం ఉంచుకునేది, దుర్గయ్య మాట కూడా పోయేది కాదు. అన్నివిధాలా మంచి అబద్ధం. అంత మంచిది అతనికి ఇదివరకెప్పుడూ దొరకలేదు. వెనక్కి తిరిగి చూశాడు. దుర్గయ్య కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు, కాగితంలోని తువ్వాల ఒళ్లో ఉంది.

ఇల్లు చేరేసరికి దుబ్బయ్య మగ్గం గుంతలోకి దిగి తాళ్లు విప్పుతున్నాడు. సగం నేసిన తువ్వాల ఇంకా మగ్గం మీదే ఉంది. లింగవ్వ గడపలో నిలబడి మూటకు ముడి వేస్తోంది. మొగుడి వెంట వచ్చిన కొత్త పిల్లవాణ్ని చూసి చెంబుతో నీళ్లిచ్చింది.

"కెప్టెన్ సారు పంపిన మనిషివా బిడ్డా?" అంది. "ఇల్లు ఏడనో ఆనవాళ్లు చెప్పిండా? ఈయినకు పట్నంల తొవ్వ తెల్వది."

దుర్గయ్య అరుగు మీద కూర్చున్నాడు. దుబ్బయ్య చేతిలో తాడుతో తల పైకెత్తి చూశాడు. హన్మంతు నీళ్లు తాగలేదు, చెంబు పక్కన పెట్టాడు. వీరమరణం నాలుక చివరి దాకా వచ్చి నిలబడింది.

"దుబ్బయ్య మామా, గా తాళ్లు మల్ల కట్టు" అన్నాడు. "అక్కా, కెప్టెన్ లేడు. నేనే గాయిన. కొత్తోళ్లు పోకుంట ఉండాలని అట్ల చేసిన, అన్న నమ్మిండు, తప్పు అన్నది కాదు. బొంబాయిల నాకు ఇల్లు లేదు. సిద్దిపేటల ఉన్నది గుడ కిరాయిదే."