బెల్లం తిని వెళ్ళిన వేటగాళ్ళు

"ఎల్లాజీ! రేపు మేజిస్ట్రేటు గారు నీ మాట ఇంటారట్రా! లాయరమ్మ ఫోన్ సేసింది," అని బెల్లం పొయ్యి యజమాని త్రినాధరావు సెల్‌ఫోను పైకెత్తి అరిచాడు.

పొయ్యిలోకి చెరకు పిప్పి తోస్తున్న ఎల్లాజీ గబుక్కున లేచి మసి చేతులతోనే పెళ్ళాం బుగ్గలు పుణికాడు. బేబి ముఖం మీద వేళ్ళన్నీ అచ్చుపడ్డాయి. పెళ్ళయిన నెల తిరక్కుండానే సముద్రపొడ్డు వదిలి ఈ దేవరాపల్లి చెరకుతోటల్లో దాక్కోవలసి వచ్చినా, ఆ పిల్లకి నవ్వు మాత్రం తగ్గలేదు.

రొయ్యల చెరువుల ఆసామి అప్పలరాజు, కూలి పెంచమన్న పాపానికి కాపలాదారు జోగిని కొట్టించి చంపించాడు. చూసినవాళ్ళు బోలెడుమంది. చూశానని నోరు విప్పినవాడు ఎల్లాజీ ఒక్కడే. వాంగ్మూలం ఇచ్చేదాకా బతికుంటే చాలు.

ఆ సంబరం ఆరకముందే జీపు వచ్చి ఆగింది. దిగినవాళ్ళు అప్పలరాజు మనుషులు. మొనగాళ్ళు! బొజ్జలు ముందు దిగాయి, వాళ్ళు తర్వాత దిగారు. బేబి కొంగు ముఖానికి లాక్కుని పిప్పి కుప్ప వెనక్కి జరిగింది.

ఎల్లాజీ పరుగెత్తితే పట్టుబడతాడు. ఆ ఊళ్ళో పొయ్యి దగ్గరికి వచ్చినవాణ్ణి వేడి బెల్లం పెట్టకుండా పంపరు. త్రినాధరావు ఉన్నచోటే నిలబడిపోతే, ఎల్లాజీయే ఆకుల్లో బెల్లం వేసి పట్టుకెళ్ళాడు.

వాళ్ళలో ఎర్రచొక్కావాడు ఒక ఫోటోతో విసురుకుంటున్నాడు. ఎల్లాజీ పెళ్ళి ఫోటో అది!

"ఎవుల్ని ఎతుకుతన్నారు బాబూ?" ఎల్లాజీయే అడిగాడు.

"ఎల్లాజీగాడని, సేపలోడు. సముద్రం లేకపోతే బతకలేడాడు. ఒడ్డంతా కాపలా ఎట్టేం. పడవెక్కితే దొరికిపోతాడు."

"మరి ఇలాగొచ్చేరేటి?"

"బెల్లం తిందామని! ఇంకో ముద్ద తేరా!"

ఎల్లాజీ తెచ్చాడు. వాళ్ళు వేళ్ళు నాక్కున్నారు, ఆ ఫోటోతోనే మూతులు తుడుచుకున్నారు. పెట్టే చేతిని చూశారు గాని, పెట్టినవాడి ముఖం చూడలేదు. కూలివాడికి ముఖమొకటి ఉంటుందని వాళ్ళకెవరూ చెప్పలేదు కాబోలు. త్రేన్చి జీపెక్కారు.

దుమ్ము అణిగాక బేబి నవ్వు ఆపుకోలేక కూలబడింది. "ఈల్లకా మావా, ఇన్నాల్లూ భయపడి సచ్చేం?"

త్రినాధరావు నుదురు తుడుచుకున్నాడు. "రేపు లారీలో పిప్పి కింద దాసి పంపుతాన్రా."

"ఈ సన్నాసుల కోసం పిప్పిలో దూరాలేటి?" ఎల్లాజీ తొట్టి నీళ్ళతో ముఖం కడుక్కున్నాడు.

"కోర్టు గుమ్మంలో కాసుకుంటేనో?" అన్నాడు త్రినాధరావు.

"కాసుకోనీ. బేబీ, అనకాపల్లి బజార్లో సేపలమ్మే మీ పిన్నికి ఫోన్ సెయ్యి. ఆడోల్లందర్నీ తట్టల్తో కోర్టు కాడికి రమ్మను. రేపు తెల్లారగానే నువ్వూ నేనూ బస్సెక్కి ముందు సీట్లో కూకుందాం. ఆ ఆడోల్లందరి మజ్జినించి నడిసెల్లి, జోగిని సంపినోల్ల పేర్లు ఒక్కొక్కటీ సెప్పేత్తాను."