ఐదో స్తంభం

రిసాలి రోడ్డు పక్కన ఏడో దీపస్తంభం మీద అంకె చెరిగిపోతే చిన్నారావు సుద్దముక్కతో మళ్ళీ దిద్దాడు. బళ్ళ పికప్ కొలవడానికి అతనికున్న పరికరం ఈ స్తంభాలే. ఆగి ఉన్న బండి ఎనభై వేగం అందుకునేసరికి ఎన్నో స్తంభం దాటుతుందో చూస్తాడు. హిందీ మాట్లాడే ఈ ఉక్కు కర్మాగారం ఊళ్ళో, క్యాంప్ 2 బస్తీలో రేకుల షెడ్డు, ముప్ఫై ఏళ్ళ మెకానిక్ పని, మోకాళ్ళ దగ్గర వెలిసిన ఖాకీ ప్యాంటు. ఈమధ్య రెండు స్తంభాల మధ్య ఒకసారి ఆగి ఊపిరి తీసుకోవలసి వస్తోంది. వయసు అనుకుని ఊరుకున్నాడు.

వెనకే రాజేంద్ర నల్లటి పెద్ద కారు ఆగి ఉంది. నెల క్రితం దానికి సర్వీసు చేసింది తనే. ఆ తర్వాతే కారుకు నీరసం పట్టుకుంది. మొన్న లారీని దాటబోతే సగంలో వెనకబడింది, ఎదురుగా బస్సు. రేపు పొద్దున్నే ఘాట్ల మీదుగా సొంతూరు విజయనగరం ప్రయాణం. పెళ్ళయి మూడు నెలలైన అతని భార్య భాగ్యరేఖ, కారు బాగుపడితేగానీ ఎక్కనంది.

"ఇవాళ దొరక్కపోతే షోరూమ్‌లో ఇచ్చేస్తా కాకా. బురా మత్ మాన్‌నా, ఏమీ అనుకోకు" అన్నాడు రాజేంద్ర.

చిన్నారావుకు చాలా బురా అనిపించింది.

ఇంటి బండిని ఇంటిల్లిపాదితోనే పరీక్షించాలన్నది అతని పద్ధతి. వెనక సీట్లో రాజేంద్ర, అతని తల్లి అచ్చమ్మ, ఆవిడ ఒళ్ళో పల్లీల పొట్లం. ముందు, బండి నడిపే చిన్నారావు పక్కన భాగ్యరేఖ, స్తంభాలు లెక్కపెట్టే ఉద్యోగంలో.

"తొమ్మిది!" అంది. సర్వీసు చేసిన రోజున ఐదే.

ఏసీ ఆపి చూశారు. ఎనిమిది దాటింది. టైర్లలో గాలి తక్కువగా ఉంటే నింపి, పైన ఉన్న సామాన్ల ఇనుప చట్రం విప్పేశారు. సరిగ్గా ఎనిమిది.

"అత్తమ్మను దింపితే ఏడవుతుందా బాబాయ్?"

"నిన్ను దింపి సూడమను. నానేటి, సిమెంటు బస్తానా?" అంది అచ్చమ్మ.

చిన్నారావు చక్రాలు తాకి చూశాడు. చల్లగానే ఉన్నాయి, బ్రేకులు పట్టేయడం లేదు. క్లచ్ జారడం లేదు. బానెట్ ఎత్తి ఎయిర్ ఫిల్టరు బయటికి తీశాడు. ఎండకేసి చూసి, వేలితో రాసి, మళ్ళీ చూశాడు.

"ఇదేటి, ఇంత తెల్లగుంది?"

"మంచిదే కదా?" అంది భాగ్యరేఖ.

"మంచిదే. నెలరోజులు మనూళ్ళో తిరిగినాక ఇలగుండకూడదమ్మా. దుమ్మంతా ఎక్కడ ఆగిపోనాది?"

ఆ ప్రశ్న వాళ్ళిద్దరికీ ఎంత నచ్చిందంటే, ఇద్దరూ బానెట్‌లోకి వంగారు. గాలి లోపలికి వెళ్ళే గొట్టం వెంట చిన్నారావు చెయ్యి ముందు జాలీ దాకా పోయింది. మెత్తగా ఏదో తగిలింది. లాగితే ఎర్రమట్టి రంగు తిరిగిన గుడ్డ. కొనలో చిలకపచ్చ అంచు.

అచ్చమ్మ పల్లీలు నమలడం ఆపింది.

"నాకేటి తెల్సు? ఇంత దుమ్ము మింగతాంది వదినా అని కిందటిసారి నువ్వే సూపించినావు. మా సెక్టర్ 4 క్వార్టర్‌లో కుళాయికి కట్టినట్టే దానికీ కట్టినాను. పాత సీర, నాలుగు మడతలేసి."

చిన్నారావు నవ్వాడు. నవ్వు దగ్గులోకి తిరిగితే బానెట్ పట్టుకుని నిలబడ్డాడు.

"దుమ్ము ఆగింది వదినా, గాలీ ఆగిపోనాది. ఊపిరందకపోతే ఎవుడు మాత్రం పరిగెడతాడు?"

ఫిల్టరు బిగించి మళ్ళీ పరుగు తీయిస్తే, ఈసారి సీటు వీపుకు మెత్తగా గుద్దుకుంది.

"ఐదు! బాబాయ్, ఐదు!" భాగ్యరేఖ చప్పట్లు కొట్టింది. ఏ అవసరమూ లేకుండా ఇంకో మూడుసార్లు తిప్పించుకుంది. రేపటికి ఏ చీర కట్టుకోవాలో దారిలోనే మొగుణ్ణి అడిగింది.

షెడ్డు దగ్గర దించేటప్పుడు రాజేంద్ర, "షోరూమ్ మాట మర్చిపో కాకా" అన్నాడు.

"గుడ్డ ఉతికి ఇస్తాను. పొద్దున్న ఎల్తా పట్టికెళ్ళండి. వదిన కుళాయికి కట్టుకుంటాది."

కుళాయి కింద సబ్బు పెట్టి మూడు నీళ్ళు మార్చాడు. మడతలన్నీ విప్పి తీగ మీద ఆరేశాడు. పక్క కొట్టు జోగమ్మకు టీ అని సైగ చేసి, పాత వ్యాన్ సీటు మీద వెనక్కి వాలి కూర్చున్నాడు.

జోగమ్మ గ్లాసు తెచ్చేసరికి ఎండ ఇంకా రేకుల అంచునే ఉంది.

"సిన్నారావూ, సల్లారిపోతాది."

అతని భుజం తట్టింది. ముక్కు దగ్గర వేలుపెట్టి చూసింది. గ్లాసు పక్కన పెట్టి, అక్కడే నేల మీద కూలబడిపోయింది.

తీగ మీద చిలకపచ్చ అంచు చీరముక్క ఆరిపోయింది. గాలి వచ్చినప్పుడల్లా నిండుగా పొంగి, మెల్లగా దిగుతోంది.