ఒక పంక్తి తక్కువైంది

నేను ఐదో తరగతిలో బడి మానినవాణ్ణి. ఈ సంగతి మా ఎడిటరు మహానంది వారానికొకసారైనా నాకు గుర్తు చేసేవాడు. కర్నూలులో ‘సీమ దివిటీ’ అనే వారపత్రిక ఆయనది. నేను అందులో కంపోజిటరును. అరల్లోంచి సీసపు అక్షరాలు ఒక్కొక్కటే ఏరి పంక్తులుగా కూర్చే పని. ఇరవై ఆరేళ్ళు కూర్చాను. చదువుకున్నవాళ్ళ అబద్ధాలన్నీ నా చేతుల మీదుగానే లోకంలోకి పోయాయి. నా వేళ్ళు నల్లబడ్డాయి, వాళ్ళవి తెల్లగానే ఉన్నాయి.

కర్నూలు రాజధాని అయిన రెండో ఏడు, ఆగస్టులో, పత్రికకు ఒక ఉత్తరం వచ్చింది. రాసింది రత్నమణి. నందికొట్కూరు పిల్ల, మిషన్ బడి పంతులు లేవి కూతురు. ఇక్కడి కాలేజీలో ఇంటర్ రెండో ఏడు చదువుతోంది. కాలేజీ కమిటీ ప్రెసిడెంటు కొడుకు లైబ్రరీ గదిలో తనను బలాత్కరించాడని, ప్రిన్సిపాలుకు చెబితే ఊరికి పొమ్మన్నాడని, ఎక్కడా మెలిక లేకుండా రాసింది.

మహానంది చదివి, “వేద్దాంలేరా, పత్రిక బాగా అమ్ముడుపోతాది” అన్నాడు. నేను కూర్చాను. ప్రూఫు తీసేలోపల ప్రెసిడెంటు కారు మా గడప ముందు ఆగింది. అరగంట తర్వాత మహానంది బయటికి వచ్చి, ఆ ఉత్తరాన్ని బంక కాచే పొయ్యిలో వేశాడు.

“అక్షరాలు విప్పెయ్‌రా ఈరన్నా.”

విప్పి మళ్ళీ అరల్లో వేశాను. కూర్చింది నేనే, విప్పింది నేనే. ఒక్కొక్క అక్షరం రెండుసార్లు నా వేళ్ళ మధ్య నలిగింది.

దాని స్థానంలో మహానంది వేరే వార్త రాసిచ్చాడు. కాలేజీలో ఒక విద్యార్థిని కట్టు తప్పిందట, గౌరవ కుటుంబం మీద అభాండం వేసిందట. అందులో పిల్ల పేరు లేదు. ఆయనకు న్యాయంగా రావలసిన మాట ఇదొక్కటే కాబట్టి చెబుతున్నాను. కూర్చి చూస్తే కాలమ్‌కు ఒక పంక్తి తక్కువైంది.

“అయ్యా, ఒక పంక్తి తక్కువ పడ్తాండాది.”

“ఏదో ఒకటి నింపు పో. దానికి గూడ నేనే రావల్నా?”

మా పనిలో కాలమ్ అడుగున ఖాళీ కనబడితే కంపోజిటరుకు సిగ్గు. అప్పుడే విప్పిన పేరు నా వేళ్ళకు ఇంకా గుర్తుంది. ‘ఈమె పేరు రత్నమణి, నందికొట్కూరు లేవి కూతురు.’ కొలిచినట్టు సరిపోయింది. సరిపోయిందని సంతోషపడ్డాను కూడా.

పత్రిక వెళ్ళిన నాలుగో రోజున కాలేజీ రిజిస్టరులో ఆమె పేరు కొట్టేశారు. డిసెంబరు లోపల మళ్ళీ చేర్చుకోకపోతే పరీక్షకు కూర్చునే దారి లేదు.

నవంబరులో నాటక పోటీలు వచ్చాయి. సినిమా హాల్లో మ్యాట్నీ మాన్పించి అక్కడ జరిపేవారు. పోటీలు పెట్టించేది ఆ ప్రెసిడెంటే. నేను ఏటా తెర చాటున కూర్చుని నటులకు మాట అందించేవాణ్ణి. ఆ ఏడు కడప నుంచి దావీదురాజు అనే హైస్కూలు మాస్టరు ఒక నాటకం తెచ్చాడు. కాలేజీలో చెడిపోయిన న్యాయం, దాన్ని అమ్ముకున్న ఒక పత్రిక, అదీ కథ. ఎవరి కథో ఊరంతటికీ తెలుసు. ప్రెసిడెంటు నాటకం పేరు మాత్రం చూసి ‘పత్రికల మీద హాస్య నాటకం’ అనుకుని ఒప్పుకున్నాడు. పెద్దవాళ్ళు తమ గురించి రాసింది చదవరు.

నాటకం ప్రతి తిరగేస్తుంటే ఒకచోట నా చెయ్యి ఆగింది. విద్యార్థిని పత్రికకు రాసిన ఉత్తరాన్ని చదివే రంగం. ‘ఉత్తరం చదువును’ అని ఉంది, కింద సగం పేజీ ఖాళీ.

“ఈడ ఉత్తరం ఏదప్పా?” అని అడిగాను.

“దాంట్లో ఏముండాదో నాకు తెలీదు ఈరన్నా. నేను కల్పించి రాస్తే మీ మహానందికీ నాకూ తేడా ఏముండాది? ఆ పిల్ల నోట్లో నా మాట పెట్టను. ఉత్తరం పట్టుకొని కండ్లతోనే చదువుకుంటాది, అంతే.”

“నాకు తెలుసు. అక్షరం అక్షరం తెలుసు.”

దావీదురాజు నన్ను పైనుంచి కిందికి చూశాడు. “ఆ పిల్లను అడిగినావా?”

అడగలేదు. ఎవరూ ఎప్పుడూ అడగలేదు.

మరునాడు నందికొట్కూరు బస్సెక్కాను. లేవి ఇంటి ముందు మంచం మీద కూర్చుని పిల్లల పలకలకు దిద్దుళ్ళు పెడుతున్నాడు. నేనెవరో, ఎక్కడ పనిచేస్తానో చెప్పాను. పలక కింద పెట్టేశాడు.

“నా పాప పేరు వేసింది మీ ఎడిటరే కదా?”

“కాదప్పా. నేను. పంక్తి తక్కువైతే నింపినా.”

ఆయన కొట్టి ఉంటే బాగుండేది. “పంక్తి తక్కువైతే...” అని రెండుసార్లు తనలో తనే అనుకుని తల తిప్పుకున్నాడు. ఇంట్లోంచి రత్నమణి వచ్చింది. సన్నటి పిల్ల. కండ్లలో భయం వెతికాను, దొరకలేదు. వచ్చిన పని చెప్పాను.

“యాదీ, చెప్పు చూస్తాం” అంది.

నిలబడి అప్పజెప్పాను, ఐదో తరగతిలో పంతులు ముందు చెప్పినట్టు. మొత్తం విని ఆమె అంది:

“ఒకచోట తప్పినావు చిన్నాయనా. ‘రెండు మార్లు అరిచాను’ అని రాసినా. నువ్వు ఒక మారంటివి.”

‘రెండు మార్లు’ అని దిద్దుకుని ఆ ముక్క మళ్ళీ అప్పజెప్పాను.

“చదవనీ. అయితే నా పేరు నాటకంలో పలకగూడదు. నా పేరు ఎప్పుడు చెప్పాల్నో నేను చెప్తా. ఇంగెవురూ కాదు.”

లేవి అప్పుడు నాతో అన్న మాట ఒక్కటే. “బస్సుకు టైమైతాది. మజ్జిగ తాగి పో.”

నాటకం రోజు హాలు నిండింది. కింద కుర్చీల్లో ప్రెసిడెంటు, పక్కన మహానంది, కొత్త రాజధాని అధికారులు. వాళ్ళలో విద్యాశాఖ పెద్ద ఒకాయన. మేడ మీద కాలేజీ కుర్రాళ్ళు. విద్యార్థిని వేషం కడప రామసుబ్బమ్మది. ముప్పై దాటిన మనిషే గాని జడ వేసుకుని వస్తే పద్దెనిమిదేళ్ళ పిల్లే. ఉత్తరం ఆమెకు ఇంకా సరిగ్గా కంఠతా రాలేదు. నేనే అందించాలి.

“ఏమప్పా ఐదో క్లాసు పంతులా,” అంది తెర లేచే ముందు, “మెల్లగ అందియ్యి. నేనేమన్నా మీ అచ్చు మిషననుకుంటివా?”

“నువ్వు చెవులు ఈ పక్కకు పెట్టక్కా. మేడ మీదోళ్ళ ఈలల పక్క కాదు.”

“వాళ్ళు ఈలలేసేది నాకు. నీకేం కుళ్ళు?”

ఉత్తరం రంగం వచ్చింది. నేను మెల్లగా అందిస్తున్నాను. ఆమె గొంతులో అవి నా సీసపు అక్షరాలుగా లేవు. ‘లోపల గడియ వేశాడు. నేను రెండు మార్లు అరిచాను.’ సరిగ్గా అప్పుడు ప్రెసిడెంటు చీటీ ఒకటి స్టేజీ మీదికి వచ్చింది.

మా పక్క నాటకాల్లో ఆనవాయితీ ఒకటుంది. ఎవరైనా నటుడికి పతకం గాని, కానుక గాని చదివిస్తే, ఆట ఎక్కడున్నా ఆగాలి. ప్రకటనలు చేసే ముసలాయన ముందుకొచ్చి చీటీలో రాసింది ఒక్క ముక్క వదలకుండా చదవాలి. నటుడు నమస్కరించి ఇచ్చినవాళ్ళ కోరిక తీర్చాలి. రాజు చచ్చే రంగంలో కూడా రాజు లేచి నమస్కారం పెట్టడం నేను చూశాను.

“శ్రీ ప్రెసిడెంటుగారు రామసుబ్బమ్మగారి గానానికి మెచ్చి వెండి పతకం దయచేస్తున్నారు. ఈ చదువు చాలించి ఒక మంచి పద్యం పాడవలసిందిగా కోరుతున్నారు!”

మహానంది చప్పట్లు కొట్టాడు. ఆ చప్పట్లు ఒంటరిగా మోగాయి. రామసుబ్బమ్మ పతకం పట్టుకుని నా వైపు చూసింది. నాకు దారి తోచలేదు. ఆనవాయితీ ప్రకారం పద్యం పాడాలి, పాడితే ఉత్తరం పోయినట్టే. మళ్ళీ పొయ్యిలోకే.

ఇంతలో ఆడవాళ్ళ వరసల్లోంచి చేతులు మారుతూ ఇంకో చీటీ వచ్చింది. దానితోపాటు ఒక ఫౌంటెన్ పెన్ను. ముసలాయన ముందుగా చూసుకునే అలవాటు లేనివాడు. గొంతు సవరించుకుని హాలంతా వినబడేట్టు చదివాడు:

“ఈ ఉత్తరం రాసింది నేను. రత్నమణి, లేవి కూతురు, నందికొట్కూరు. రాసిన కలం రామసుబ్బమ్మగారికి కానుక. పద్యం వద్దు. మొదటి నుంచి చదవండి.”

చదివాక గాని తానేం చదివాడో ఆయనకు అర్థం కాలేదు. ఆడవాళ్ళ మధ్య రత్నమణి లేచి నిలబడింది. ఎవరూ చెప్పకముందే మేడ మీద ఒక కుర్రాడు కేక వేశాడు: “వన్స్ మోర్!”

పద్యాలకు వేసే కేక అది. వచనానికి, అందులోనూ ఉత్తరానికి, వన్స్ మోర్ నేనెన్నడూ వినలేదు. మేడంతా అందుకుంది. కింద ఆడవాళ్ళు అందుకున్నారు. రామసుబ్బమ్మ పతకాన్ని స్టేజీ మీది ఎడిటరు వేషగాడి మెడలో వేసి, “నీకే తగింది నాయనా” అంది. హాలంతా గొల్లున నవ్వింది. ఆ నవ్వు ఆగేదాకా నిలబడి, కలం చేత్తో పట్టుకుని, మొదటి నుంచి చదివింది. ఈసారి నేను అందించలేదు. ఆమెకు వచ్చేసింది.

‘నన్ను విశ్రాంతి తీసుకోమన్నారు. నాకు విశ్రాంతి వద్దు, విచారణ కావాలి. నా బెంచీ నాకు కావాలి.’

చివరి మాటను కుర్రాళ్ళు మూడుసార్లు చెప్పించారు. మూడోసారి వాళ్ళూ కలిశారు. ప్రెసిడెంటు లేచాడు. నడవాలో కాళ్ళు ముడుచుకుని దారి ఇచ్చినవాళ్ళు ఒక్కరూ లేరు. విద్యాశాఖ పెద్ద మాత్రం కూర్చునే ఉన్నాడు, జేబు పుస్తకంలో ఏదో రాసుకుంటూ. హాలు చివర గోడకానుకుని నిలబడ్డ లేవి రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. భుజాలు కదిలాయి. తర్వాత చేతులు తీసి, అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాడు.

మూడో రోజు విచారణ మొదలైంది. పదిహేను రోజుల్లో రత్నమణి పేరు రిజిస్టరులోకి తిరిగి ఎక్కింది. ప్రెసిడెంటు కమిటీ నుంచి దిగాడు. కొడుకు మీద కేసు కట్టారు, అప్పటికింకా నడుస్తూ ఉండింది.

మహానంది కూడా మారాడు. ధర్మబుద్ధి పుట్టి కాదు. చందాదారులు పత్రికను తిప్పి పంపుతున్నారు, కాలేజీ కుర్రాళ్ళు పొద్దున్నే మా గడప ముందు కూర్చుంటున్నారు. భయంతో అచ్చయినా అచ్చు అచ్చే. రత్నమణి ఉత్తరం మళ్ళీ రాసి పంపింది, కింద సంతకంతో, అచ్చు వేయమని. పైన క్షమాపణ మహానంది రాశాడు.

కూర్చాను. ‘రెండు మార్లు’ దగ్గర ఆగి, వేలితో తడిమి చూసుకున్నాను. ఆమె పేరును ఆమె పెట్టినచోటే పెట్టాను.

కాలమ్‌కు మళ్ళీ ఒక పంక్తి తక్కువైంది.

“ఏమిరా ఈరన్నా, ఇంగా కాలేదా?” అని లోపల్నుంచి మహానంది అరిచాడు. “తక్కువైతే ఏదో ఒకటి నింపు!”

“తక్కువేం లేదులే అయ్యా,” అన్నాను.

అక్షరం లేని సీసపు పట్టీ ఒకటి ఆ చోట పెట్టి, బిగించి, మిషను తిప్పమన్నాను. ఆ వారం ‘సీమ దివిటీ’ తీసి చూడండి. రత్నమణి పేరు కింద తెల్లగా ఒక పంక్తి ఉంటుంది. అది నేను కూర్చిందే.