మా పాట చివరి మాట

శనివారం ఫుట్‌బాల్ ఆట మొదలై పది నిమిషాలు కాలేదు, అప్పటికే నేను మూడుసార్లు మెట్లు దిగి ఎక్కాను. చేతిలో మాంసం కూరిన రొట్టె చల్లారిపోయింది. ఓల్డ్‌హామ్ మైదానంలో ఈ స్టాండులో నిలబడి నలభై ఏళ్లుగా వానలో తడుస్తున్నాను, ఇంత కుదురులేకుండా ఎప్పుడూ లేను. కారణం ఆట కాదు. ఆగస్టు నుంచి ఈ జనం నా పాట పాడుతున్నారు.

1981లో మా అక్క బెరిల్, నేను కలిసి కట్టిన పాట అది. రెండు వారాలు రేడియోలో మోగి మాయమైంది. ఇన్నేళ్లకు ఎవరో కుర్రాళ్లకు ఫోనులో దొరికింది. ఇక్కడ ఆటగాడు నచ్చితే చాలు, ఏదో ఒక పాత పాటకు అతని పేరు తగిలించేస్తారు. మా మాటలన్నీ పీకేసి మా జట్టు లెఫ్ట్ బ్యాక్ ఆటగాడి పేరు ఇరికించారు. ట్యూన్ మాత్రం మాదే.

పక్కన నిలబడ్డ ఇరవయ్యేళ్ల అమ్మాయి నా భుజం తట్టింది.

“ఏంటి తాతా, పాట రాదా? చివరి మాట కిందికి దించు, అంతే. పైకి లేపావంటే గొంతు పోద్ది.”

అక్కడే ఉంది నా బాధంతా. ఆ చివరి మాట కిందికి దిగాలని అప్పుడు బెరిల్ అంది. పైకే లేవాలన్నాను నేను. ఆమె ఒప్పుకోకపోతే, ఆమెకు చెప్పకుండా రికార్డింగులో ఆమె గొంతు చెరిపించి, వేరే అమ్మాయి చేత పాడించాను. రికార్డు కొట్లోకి వచ్చాక గానీ అక్కకు తెలియలేదు. ఆ తర్వాత అమ్మ అంత్యక్రియల్లో తప్ప మేమిద్దరం ఒకచోట నిలబడలేదు. ఇప్పుడు వెయ్యి గొంతులు, ఎవరూ చెప్పకుండానే, సరిగ్గా అక్క అన్నచోట కిందికి దిగుతున్నాయి. విన్న ప్రతిసారీ సిగ్గుతో చచ్చిపోతున్నాను.

జనం మళ్లీ పాట అందుకున్నారు. ఇక ఆగలేక, అమ్మ పోయినప్పటి నుంచి ఏడేళ్లుగా దాచుకున్న అక్క నంబరు నొక్కాను.

“ఎవరు పోయారు?” అంది బెరిల్.

“ఎవరూ పోలేదక్కా. ఇది విను.”

ఫోను పైకెత్తాను. తిరిగి చెవికి పెట్టుకుంటే అటువైపు నుంచీ అదే పాట, అదే గోల.

“ఎక్కడున్నావ్?”

“నీ పక్క స్టాండులో. మన పాట పాడుతున్నారని తెలిసినప్పట్నించీ వస్తున్నా. సెప్టెంబరు నుంచి నీ బట్టతలే చూస్తున్నా.”

“మరి పలకరించలేదేం?”

“నేనెందుకు పలకరించాలిరా, క్లైవ్? చెరిపింది నా గొంతు.”

 ఫోను నోటికి దగ్గరగా పెట్టుకున్నాను.

“నువ్వన్నదే రైటక్కా. తప్పు నాది.”

“వినబడట్లా. గట్టిగా చెప్పు.”

మళ్లీ చెప్పాను.

“ఊహూ.”

మూడోసారి గొంతు చించుకుని అరిచాను. సరిగ్గా అప్పుడే పాట ఆగింది. తప్పు నాదేనన్న నా కేక స్టాండంతా విన్నది. పక్కనున్న అమ్మాయి నోరు తెరుచుకుని నన్నే చూస్తోంది.



“వినబడింది లేరా,” అంది అక్క. “మొదటిసారే వినబడింది.”